గుక్క తిప్పని కూత

అరవై ఒక్కేళ్ళ గనగళ్ళ నూకరత్నం జూన్ నెలాఖరు ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి, బారు వెతకడానికి బయల్దేరింది. నీలం అంచు నేత చీర కట్టి, కాళ్ళకి కాన్వాసు బూట్లు వేసుకుంది. స్కూటరు నడుపుతున్నది తమ్ముడి కూతురు లోహిత. వెనక కూర్చున్న మేనత్త అడిగినవి రెండే. ఆ పొద్దున సముద్రం నుంచి దిగిన చేప ఒకటి, గోడ మీద కబడ్డీ వచ్చే టీవీ ఒకటి. రెండూ ఒకే బారులో ఉండాలి, నాలుగు గంటల లోపు దొరకాలి.

నాలుగింటికి జాతీయ మహిళా కబడ్డీ ఫైనల్, ఆంధ్రాకీ హర్యానాకీ. ఆంధ్రా తరపున కూతకి వెళ్ళే పిల్ల పేరు పైడితల్లి. తొమ్మిదేళ్ళ వయసులో జాలారిపేట ఇసకలో ఆ పిల్లకి ఊపిరి బిగపట్టడం నేర్పింది నూకరత్నమే. ఆవిడ ఒకప్పుడు పోర్టు జట్టులో పేరుమోసిన కూతగత్తె, ఆ తర్వాత పాతికేళ్ళు కోచ్.

"ఇంట్లో చూడొచ్చు కదత్తా," అంది లోహిత, మూడోసారి.

"ఇంట్లో సూత్తే అది ఇల్లవుద్ది. బారెలాగవుద్దే?"

లోహిత స్కూటరు వేగం పెంచింది. ప్రయోగశాలలో పదిమందికి పనులు పురమాయించే మనిషే గాని, అత్త దగ్గర ఇంకా పలక పట్టుకున్న పిల్లే.

బీచ్ రోడ్డులో మొదటి బారుకి అన్నీ అద్దాల గోడలు, ఆరు పెద్ద టీవీలు. నూకరత్నం గడప మీద కాలు పెట్టగానే తలుపు మాట్లాడింది. "క్షమించండి. ఈ అతిథి ఒంట్లో స్థిమిత యంత్రం ఉంది. క్రీడా ప్రసారాల హాల్లోకి ప్రవేశం లేదు. ఫ్యామిలీ విభాగం ఎడమవైపు."

కోటు వేసుకున్న మేనేజరు చేతులు కట్టుకుని వచ్చాడు. "బిళ్ళ ఉన్నవాళ్ళని ఉద్రేకం కలిగే చోట కూర్చోబెడితే మా లైసెన్సు పోతుంది మేడం."

"ఉద్రేకమా?" నూకరత్నం అతని మొహంలోకి చూసింది. "అదే ఎతుక్కుంటన్నాను బాబూ. నీ కాడుంటే సూపీ."

ఫ్యామిలీ విభాగమంటే చెక్క గది, దానికో మాసిన కర్టెను. టీవీ లేదు. అయినా పరీక్ష కోసం ఒక ప్లేటు చేప తెప్పించింది. ముక్కని వేలితో నొక్కి చూసి ప్లేటు పక్కకి జరిపింది. "ఈ సేప సముద్రం మొకం సూడనేదు. పద."

*

ఆ బిళ్ళ సంగతి చెప్పాలి.

పద్నాలుగు నెలల కిందట నూకరత్నం ఇసకలో పిల్లలకి కూత నేర్పుతూ కుప్పకూలిపోయింది. గుండె గాడి తప్పి పరిగెత్తడం ఆవిడ జబ్బు. సంతోషం వచ్చినా, కోపం వచ్చినా అది ఆగకుండా పరిగెత్తి ఆవిడనే పడగొడుతుంది. అదే రోజుల్లో లోహిత, కొండ మీది ప్రయోగశాలలో, రూపాయి బిళ్ళంత యంత్రం ఒకటి తయారు చేస్తోంది. కాగితాల మీద దాని పేరు స్థిమిత. పెట్టించుకున్నవాళ్ళందరూ బిళ్ళ అనే అన్నారు. మెడ ఎముక కింద చర్మంలో కూర్చుని అది మనిషి ఊపిరినీ, గొంతునీ, నెత్తురు ఉరవడినీ వింటూ ఉంటుంది. గుండె ఎగరబోతోందని ముందే పసిగట్టి, మెదడు నుంచి గుండెకి దిగే నరాన్ని మెత్తగా నొక్కుతుంది. ఒక చిన్న వణుకు, అంతే. గుండె డెబ్బై రెండు దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది.

అది నూకరత్నం ప్రాణం రెండుసార్లు నిలబెట్టింది. అందుకే ఆవిడ దాన్ని తిట్టినప్పుడల్లా సగంలో ఆగిపోతుంది.

ఈ మధ్యనే, గురువారం పరీక్షకి కొండ ఎక్కినప్పుడు, ప్రయోగశాల పెద్ద డాక్టర్ పద్మనాభం ఆవిడ చెవి వెనక బెలూను పేల్చాడు. తెర మీద పడగ విప్పిన పాముని చూపించాడు. పక్కనున్న ఇంకో తెర మీద ఆవిడ గుండె వేగం చూపే గీత పైకి లేవలేదు.

"అద్భుతం," అన్నాడాయన.

"అద్భుతమే బాబూ. మొగుడు పోతే ఏడుపు రానేదు. అదీ రాసుకోండి," అంది నూకరత్నం.

డాక్టరు నవ్వాలో మానాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు. లోహిత మాత్రం తల వంచుకుని మీటలు సర్దుతూ ఉండిపోయింది.

భర్త కొండబాబు పోయి ఎనిమిది నెలలు. మరపడవల ఇంజన్లు బాగుచేసే మనిషి, జ్వరమని పడుకుని నాలుగో రోజున పోయాడు. ఆ రోజంతా నూకరత్నం మెడ కింద బిళ్ళ వణుకుతూనే ఉంది. ఆడపడుచులు గుండెలు బాదుకుంటుంటే, ఆవిడ వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, చాపలు పరిచింది, పాడె కట్టేవాళ్ళకి తాడెక్కడుందో చెప్పింది. కన్ను చెమ్మగిల్లలేదు. పేటంతా రాయి అన్నారు. అననీ. ఆవిడ్ని తొలిచేసింది వాళ్ళ మాట కాదు. నెలలు గడిచేకొద్దీ ఆవిడకే అనుమానం పుట్టింది. ముప్పై ఏడేళ్ళు కలిసి బతికిన మనిషిని అసలు ప్రేమించానా, లేక అలవాటుపడి వండిపెట్టానా? గుండెని అడుగుదామంటే అది డెబ్బై రెండు అని తప్ప వేరే జవాబు ఇవ్వడం మానేసింది.

ఇక బారు మాట కొండబాబుది. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆటకి ఎంత పేరున్నా టీవీలో వేసేవాళ్ళు కాదు. దానికతను తెగ ఉడుక్కునేవాడు. "నీ ఆట టీవీలోన ఏత్తే బారుకెల్లి, మంచి సేప సెప్పుకుని, కూకుని సూసీవోడ్నే. పక్కోడితోటి ఆ గుంట మాదేరా అనీవోడ్ని," అనేవాడు. పైడితల్లి ఆంధ్రా జట్టులోకి వచ్చినప్పుడు మాట అనుకున్నారు. ఆ పిల్ల ఫైనల్ ఆడిన రోజున ఇద్దరూ బారుకి వెళ్ళాలి, ఆ పిల్ల మాదేనని పక్కవాడితో చెప్పాలి. ఇంతలో అతను వెళ్ళిపోయాడు. సెమీ ఫైనల్ నూకరత్నం ఇంట్లోనే చూసింది. పైడితల్లి ఒకే కూతలో నలుగుర్ని తాకి వచ్చింది. ఆవిడ వాతావరణ వార్తలు విన్నట్టు విని, లేచి కూర కలిపింది.

ఆ సాయంత్రమే నిర్ణయించుకుంది. మంచి చేప, ఘాటైన కారం, వందమంది గోల, ఫైనల్ మ్యాచి, ఇవన్నీ ఒక్కసారి మీద పడితే ఆ బిళ్ళ ఎంతని ఆపుతుంది? చూద్దాం.

*

డాబాగార్డెన్స్‌లో రెండో బారు వాసనకే సగం గెలిచింది. పీతల ఇగురు. కానీ టీవీలో ఐదేళ్ళ కిందటి క్రికెట్ మ్యాచి మళ్ళీ వేస్తున్నారు. కబడ్డీ పెట్టమంటే ఒకాయన గ్లాసు దించి, "ఆడోళ్ళ కబడ్డీ ఎవడు సూత్తాడమ్మా?" అన్నాడు.

"గెలిసిందెవులో నీకు ఐదేళ్ళ కాణ్ణుంచీ తెలుసు. తెలిసిందే మళ్ళీ తెలుసుకుని ఏటి సేత్తావు నాయినా?" అంది నూకరత్నం. చుట్టూ నవ్వారు గాని ఛానెల్ మాత్రం మార్చలేదు.

మూడుంబావు అయింది. లోహిత స్కూటరు మీద కూర్చుని ఫోన్లో బార్ల పేర్లు వెతుకుతుంటే అత్త ఆ ఫోను లాక్కుంది.

"ఇలాక్కాదే. బారుల్ని అడగ్గూడదు, సేపనడగాల. హార్బరుకి పోనీ."

వేట నిషేధం ఎత్తేసి పది రోజులే అయింది. ఫిషింగ్ హార్బరు మీద ఇంకా పడవలు దించుతూనే ఉన్నారు. వేలం దగ్గర గంప ముందు పెట్టుకుని కూర్చున్న ఒకావిడని నూకరత్నం అడిగింది. "అప్పా, నీ మంచి సరుకు ముందుగాల ఎవులెత్తుకెల్తారు?"

"పెద్ద పెద్ద హోటేళ్ళోళ్ళు ఐసుది అట్టుకుపోతారు. మంచిది ఎల్లాజీ అట్టుకుపోతాడు. ఆడి పెళ్ళాం సెయ్యి మా గొప్ప సెయ్యి."

ఎల్లాజీ బారు పేరు తెరచాప. రేకుల కప్పు, పన్నెండు బల్లలు, సున్నం రాలిన గోడకి ఒకే ఒక పాత టీవీ. తలుపుకి మాట్లాడే విద్య రాదు. ఎల్లాజీ మనిషి పొట్టి, భుజం మీద తువ్వాలు. ఇద్దరు ఆడవాళ్ళని చూసి అలవాటుగా లోపలి గది వైపు చెయ్యి చూపించాడు.

"ఆ గదిలోన టీవీ ఉందేటి?" అంది నూకరత్నం.

"నేదప్పా."

"అయితే నానూ ఉండను."

ఎల్లాజీ ఆవిడ బూట్ల వైపు చూశాడు, మొహం వైపు చూశాడు. "పోర్టు నూకరత్నం కాదేటి నువ్వు! మా నాన్న నీ ఆట సూడ్డానికి గోడెక్కి కాలిరగ్గొట్టుకున్నాడు." టీవీకి ఎదురుగా ఉన్న బల్లని తువ్వాలుతో తుడిచాడు. "కబడ్డీయే పెడతాను. కూకో."

సొర పుట్టు చెప్పింది, సొరచేపని పొడిపొడిగా వేపే ఆ కూర కొండబాబుకి ప్రాణం. వంజరం వేపుడు చెప్పింది. ఒక బీరు కూడా చెప్పింది. లోహిత కళ్ళు పెద్దవి చేస్తే, "తాగడానిక్కాదే. బారన్నాక బల్ల మీద సీసా లేపోతే ఏం బాగుంటాది," అంది.

పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన ఒంటరిగా నెత్తళ్ళ చేపల వేపుడు నములుతున్నాడు. పేరు సన్యాసిరావు, పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడట. చొక్కా పై గుండీ తీసి ఉంది. మెడ ఎముక కింద గుండ్రటి ఉబ్బు కనిపిస్తోంది. బిళ్ళ.

ఆట మొదలైంది. జట్లు వరసలో నిలబడ్డప్పుడు కెమెరా పైడితల్లి మీద ఆగింది. నుదుటన విభూతి, బిగించిన దవడ. నూకరత్నం సన్యాసిరావు వైపు తిరిగి, అనుకున్న మాట అనేసింది. "ఆ గుంట మాదే."

అతను తలూపాడు. ఆ మాట బస్టాండులో మైకు చెప్పినట్టు వచ్చింది. నోటి నుంచి వచ్చింది, అంతే. మెడ కింద బిళ్ళ వణికి ఊరుకుంది.

చేప వచ్చింది. వంజరం తునక మీద కారం ఎర్రగా నిగనిగలాడుతోంది. నోట్లో పెట్టుకుంది. ఇది కారం అని నాలుక చెప్పింది, ఒంటికి మాత్రం ఆ సంగతి చేరలేదు. బారంతా అరుస్తోంది, ఒకడు కుర్చీ మీదికి ఎక్కాడు. మొదటి సగం అయ్యేసరికి రెండు జట్లూ సమానం. నూకరత్నం నాడి డెబ్బై నాలుగు. లోహిత ఫోన్లో అంకె చూసి ఊపిరి పీల్చుకుంది. అత్త ఆ ఊపిరి విన్నది.

"ఇంకేటి మిగిలింది?" అంది ప్లేటు వైపు చూస్తూ. "సేపుంది, గోలుంది, గుంటుంది. నానే లేను."

లోహిత ఫోను బల్ల మీద పెట్టింది. ఆ బిళ్ళ తయారుచేసిన చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

*

రెండో సగం. గడియారంలో ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. ఆంధ్రా రెండు పాయింట్లు వెనకబడింది. ఈసారి వెళ్ళినవాళ్ళు పాయింటు తేకపోతే ఔటే. పైడితల్లి గీతని తాకి కళ్ళకద్దుకుని లోపలికి అడుగేసింది.

నూకరత్నం పెదాలు కదిలాయి. ఆవిడ కావాలని చెయ్యలేదు. తను తయారుచేసిన పిల్ల కూతకి వెళ్ళినప్పుడు బయట నిలబడి తనూ అదే ఊపిరి పట్టడం పాతికేళ్ళ అలవాటు, బిళ్ళ పెట్టించుకున్నాక మాత్రం ఇదే మొదటిసారి. కబడ్డీ కబడ్డీ కబడ్డీ, అని పంటి కింద మొదలైంది. టీవీలోంచి పైడితల్లి గొంతు సన్నగా వినిపిస్తోంది. ఇద్దరి కూతా ఒకే లయలో నడుస్తోంది. పది సెకన్లు. హర్యానా పిల్లలు గొలుసు కట్టి చుట్టూ తిరుగుతున్నారు. పద్దెనిమిది. గొంతు బొంగురుపోయింది, ఆవిడ మాత్రం గుక్క తిప్పలేదు. వయసులో ఉన్నప్పుడు నలభై రెండు సెకన్లు పట్టిన ఊపిరి అది. ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది. పైడితల్లి మూలనున్న పిల్ల భుజం తట్టి, గాల్లోకి లేచి గీత మీద పడింది.

బిళ్ళ ఒకసారి గట్టిగా వణికింది. తర్వాత ఊరుకుంది. ఆ ఊరుకోవడం వేరుగా ఉంది.

ముందుగా వచ్చింది కారం. ఎప్పుడో నమిలి మింగిన వంజరం కారం ఇప్పుడు నోరంతా అంటుకుంది. చెవులు వేడెక్కాయి, ముక్కు కారింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకరత్నం బీరు సీసా ఎత్తి గటగటా రెండు గుటకలు వేసింది. "ఓలమ్మా!" అని అరిచింది. "ఓలమ్మా, ఏం సేపే ఇది!"

బల్ల మీద లోహిత ఫోను కీచుమంది. తెరంతా ఎరుపు. లోహిత మొహం తెల్లబోయింది.

"అత్తా, బిళ్ళ ఆగిపోయింది. ఎలా ఆగింది? తనే చెడిపోయాననుకుని..." లోహిత నూకరత్నం పెదాల వైపు చూసింది. "కూత. నువ్వు కూత పెట్టావు."

"పెట్టేను. ఏటైంది?"

"గాలి పీల్చకుండా పాతిక సెకన్లు మాట్లాడే మనిషి ఉండడనుకున్నాం. లక్ష గొంతులు విన్నాం అత్తా. పంతుళ్ళవి, పాటగాళ్ళవి, మైకుల్లో అరిచేవాళ్ళవి. నీ ఊపిరి వినిపించక, మాట వినిపిస్తుంటే, లోపం తనలోనే ఉందనుకుంది. మళ్ళీ మొదటినుంచీ తనని తాను చూసుకుంటోంది. పదకొండు నిమిషాలు." లోహిత ఫోను మీంచి తల ఎత్తింది. "ఇంట్లో రోజూ విన్న గొంతునే మర్చిపోయాను."

తెర కింది భాగంలో ఆకుపచ్చ మీట వెలుగుతోంది. అది నొక్కితే బిళ్ళ వెంటనే లేస్తుంది. లోహిత వేలు దాని మీదికి వెళ్ళింది. అంకె నూట ఇరవై ఎనిమిది.

నూకరత్నం ఆ చేతిని పట్టుకుంది. "ఒగ్గీ."

"నీ గుండె ఆగితే?"

"ఆగితే బారులో పోనాదంటారు. మంచి సేప తినీసి పోనాదంటారు. దాంట్లో తప్పేటుంది?" లోహిత అరచెయ్యి తీసుకెళ్ళి తన గుండె మీద పెట్టింది. "సూడు. ఎలాగ గెంతుతందో సూడు. భయమేత్తందే నాకు. ఎన్నాళ్ళైందే భయమేసి!"

లోహితకి ఆ దడ అరచేతిలో తెలిసింది. ఇసకలో అత్త పడిపోయిన రోజు తనే పరిగెత్తుకెళ్ళి పట్టుకుంది. ఆ బరువు ఇంకా చేతుల్లో ఉంది. మళ్ళీ అలా పట్టుకోవలసి వస్తుందేమోనని ఒళ్ళంతా చల్లబడింది. అయినా రెండో చేత్తో ఫోను బోర్లించింది.

ఆ తర్వాతి ఆట నూకరత్నం కూర్చుని చూడలేదు. పైడితల్లి బోనస్ తెస్తే బల్ల గుద్దింది. పట్టు జారిన పిల్లని నోటికొచ్చినట్టు తిట్టింది. ఎల్లాజీ వంటగదిలోంచి పెళ్ళాన్ని కూడా పిలిచాడు, ఆవిడ చేతిలో గరిటెతో నిలబడి చూసింది. సన్యాసిరావు ఆట వదిలేసి నూకరత్నాన్నే చూస్తున్నాడు.

చివరి కూత. ముప్ఫై రెండు, ముప్ఫై ఒకటి, హర్యానా ముందుంది. పైడితల్లి ఒక్కతే వెళ్ళింది. ఒకర్ని తాకింది, ఆ పాయింటు చాలదని ఇంకొకరి కోసం లోపలికి పోయింది. వెనక్కి దూకేటప్పుడు చీలమండ దొరికింది. ముగ్గురు మీద పడ్డారు. చెయ్యి చాచింది. గీతకీ వేలికీ మధ్య బెత్తెడు కూడా లేదు. ఈల పడింది.

ఓడిపోయారు. బారంతా ఉసూరుమంది. తెర మీద పైడితల్లి అలాగే బోర్లా పడుకుని ఉంది, చాచిన చెయ్యి ఇంకా గీత వైపే ఉంది. లెమ్మంటున్నా లేవడం లేదు.

నూకరత్నం ఆ చేతిని చూసింది. జ్వరంలో నాలుగో రోజున కొండబాబు మంచం మీంచి ఇలాగే చెయ్యి చాచాడు. మంచినీళ్ళ కోసమనుకుని ఆవిడ గ్లాసు అందించింది. అతనికి కావాల్సింది గ్లాసు కాదు. అప్పుడు గుండెకి తెలియనిది ఇప్పుడు తెలిసింది.

"నా మొగుడే," అంది ఎవరితోనో. "నా కొండబాబే. సెయ్యి సాపితే అట్టుకోనేదే నాను." కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అబద్ధం కాదు, అలవాటు కాదు. ముప్పై ఏడేళ్ళూ నిజమే. ఇంత నొప్పి అబద్ధానికి రాదు.

ఆ నొప్పి నడిమధ్యలో మెడ కింద బిళ్ళ మేల్కొంది. పదకొండు నిమిషాలు అయిపోయాయి. వణుకు మొదలైంది. ఏడుపు అంచులు చల్లబడుతున్నాయి. నాలుక మీద కారం చప్పబడుతోంది. కొండబాబు మొహం మళ్ళీ ఫొటోలో మొహమైపోతోంది.

"ఇవ్వను," అంది నూకరత్నం. "నీకివ్వనే దీన్ని."

ఏడుస్తూ కూత పెట్టడం ఎవరివల్లా కాదు. ఎక్కిళ్ళు ఊపిరిని ముక్కలు చేస్తాయి. ఆవిడ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ఏడుపుని కడుపులోకి తొక్కి పట్టి, గుండెల నిండా గాలి తీసుకుంది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." ముక్కు కారుతోంది, గొంతు పగులుతోంది. లోహిత గడియారం చూస్తూ పైకే లెక్కపెట్టింది. "పన్నెండు. పదమూడు." బారు నిశ్శబ్దమైంది. ఎవరికీ ఏం జరుగుతోందో తెలియదు, కానీ కూత మధ్యలో మాట్లాడకూడదని అక్కడ అందరికీ తెలుసు. ఇరవై రెండు దగ్గర ఆవిడ పక్కకి తూలింది. లోహిత నడుం పట్టుకుని నిలబెట్టింది, లెక్క మాత్రం ఆపలేదు. "ఇరవై ఆరు. ఇరవై ఏడు. అత్తా, ఆగిపోయింది! ఆగిపోయింది!"

నూకరత్నం గుక్కపట్టి ఏడ్చింది. ఎనిమిది నెలల ఏడుపు, ఎల్లాజీ బారులో, అందరి ముందూ, నోరు తెరిచి ఏడ్చింది. ఎల్లాజీ పెళ్ళాం గరిటె పక్కన పెట్టి వచ్చి ఆవిడ తల పొట్టకి ఆనించుకుంది.

చాలాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని సొర పుట్టు దగ్గరికి లాక్కుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

సన్యాసిరావు కుర్చీ ఈడ్చుకుంటూ దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీ పట్టుకుని, "అప్పా, నాకూ ఉందిది. నా కూతురు పెళ్ళి నాడు కూడా నాకేటీ తెలవనేదు. అదెలాగ సేసినావు?" అన్నాడు.

"ముందు ఒంగోవాల," అంది నూకరత్నం, నోటి నిండా పుట్టుతో. "తరవాత ఊపిరి కడుపులోకి తియ్యాల."

*

తర్వాత మూడో గురువారం, కొండ మీద, డాక్టర్ పద్మనాభం బల్ల మీద కాగితాల దొంతర పెట్టాడు. మూడు వారాల్లో హార్బరు చుట్టుపక్కల నూట పదహారు బిళ్ళలు ఆగి మళ్ళీ లేచాయి. ఇద్దరు ఆసుపత్రి దాకా వెళ్ళొచ్చారు. ఆ సంగతి ఆయన దాచలేదు, నూకరత్నం కూడా తేలిగ్గా తీసుకోలేదు. ఆ ఇద్దరినీ వెళ్ళి చూసొచ్చింది. మళ్ళీ పెడతావా అని ఒకాయన్ని అడిగితే, మనవరాలిని ఎత్తుకున్నప్పుడు మాత్రం పెడతానన్నాడు.

"మీ మేలు కోసమేనమ్మా," అన్నాడు డాక్టరు. "ఈ కన్నం మూసేస్తాం. కూత పెట్టినా బిళ్ళ ఆగదు. ఇక్కడొక వేలిముద్ర వెయ్యండి, చాలు. లోహితా, లోపం అని రాసి సంతకం పెట్టమన్నాను, పెట్టావా?"

"లోపం కాదు సార్," అంది లోహిత. "ఎప్పుడు ఆపాలో వాళ్ళ చేతిలో ఉండాలి. ఆ మీట పెట్టడం నేనే మర్చిపోయాను. వాళ్ళు వెతుక్కున్నారు. అలాగే రాశాను."

డాక్టరు ఆ సంగతి తర్వాత తేల్చుకుందామన్నట్టు చూసి, సిరా డబ్బా నూకరత్నం ముందుకి జరిపాడు.

"ఏలిముద్రే గదా బాబూ. ముందుగాల ఒక్క మాట సెప్పనీ."

"ఒక్కటేమిటమ్మా, ఎన్నైనా చెప్పండి."

నూకరత్నం లేచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. నేల మీద రెండు పలకల మధ్య గీత చూసుకుని కుడికాలు దానికి అవతల పెట్టింది. గుండెల నిండా గాలి తీసుకుంది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

డాక్టరు మర్యాదగా పది సెకన్లు ఆగాడు. పదిహేను దగ్గర లోహిత వైపు చూశాడు. లోహిత చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బయట బెంచీల మీద పరీక్షకోసం కూర్చున్నవాళ్ళలోంచి సన్యాసిరావు బొంగురు గొంతు ఆ కూత అందుకుంది. అతని పక్కనుంచి ఇంకెవరో అందుకున్నారు.

సిరా ఆరిపోతోంది. ఆవిడ చెప్తానన్నది ఒక్క మాటే. అది ఇంకా పూర్తి కాలేదు.